చలనచిత్రంలో దృశ్యసంధానం: వాచకమా? ద్యోతకమా?

1. ఉపక్రమం

చలనచిత్రం అఖండంగా కనిపించే ఖండసముదాయం. ఛాయాగ్రాహకయంత్రం ఒక్క విడతలో గ్రహించిన భాగాన్ని 'షాట్' అంటారు. రెండు గంటల చిత్రంలో ఇటువంటి ఖండాలు వందల సంఖ్యలో, ఒక్కొక్కప్పుడు వేల సంఖ్యలో ఉంటాయి. ఒక ఖండం ముగిసి మరొక ఖండం ప్రారంభమయ్యేచోట దేశం మారవచ్చు, కాలం మారవచ్చు, పాత్రలు మారవచ్చు. అయినా ప్రేక్షకుడు తొట్రుపడడు. రాజమందిరంలో ఉన్న దృష్టి క్షణమాత్రంలో అరణ్యానికి తరలినా, అది తన చూపుకు కలిగిన విఘాతమని అతడు భావించడు. కథ నడిచిందని భావిస్తాడు. ఈ అవిచ్ఛిన్నతాప్రతీతికి మూలం ఎక్కడ ఉంది? రెండు ఖండాలను కలిపే సంధానప్రక్రియలో ఉందా? ఖండాలలోనే ఉందా? లేక ప్రేక్షకుడి బుద్ధిలో ఉందా?

ఈ ప్రశ్న సినిమా కూర్పరులకు మాత్రమే పరిమితమైనది కాదు. పదానికి పదం చేరినప్పుడు వాక్యార్థం ఎక్కడినుండి పుడుతుందన్న మీమాంసకుల చర్చకూ, ఉపసర్గకు స్వతంత్రమైన అర్థం ఉందా అన్న నైరుక్తుల చర్చకూ, అంకానికీ అంకానికీ నడుమ గడిచిన కథను ఎలా తెలపాలన్న నాట్యశాస్త్రకారుల చర్చకూ ఇది సన్నిహితమైనది. ప్రాచీన శాస్త్రచర్చల వెలుగులో ఆధునిక దృశ్యసంధానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. అయితే 'సర్వం మన శాస్త్రాలలోనే ఉంది' అనే తేలిక సమన్వయం దీని ఉద్దేశం కాదు. పోలిక ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ నిలవదో రెండింటినీ చెప్పినప్పుడే తులనాత్మక పరిశీలనకు విలువ.

2. పరిభాషా వివేచనం

సంధానప్రక్రియలలో ప్రధానమైనవి నాలుగు. మొదటిది 'కట్': ఒక ఖండం చివరి చిత్రానికి తరువాతి ఖండం మొదటి చిత్రాన్ని నేరుగా అతికించడం. సెకనుకు 24 చిత్రాల చొప్పున నడిచే చిత్రంలో ఈ మార్పుకు ప్రత్యేకంగా కాలం పట్టదు. రెండవది 'ఫేడ్': దృశ్యం క్రమంగా చీకటిలో లీనం కావడం, లేదా చీకటినుండి క్రమంగా వెలువడడం. మూడవది 'డిజాల్వ్': పూర్వదృశ్యం సన్నగిల్లుతూ ఉండగానే ఉత్తరదృశ్యం దానిపై తేలివచ్చి, కొంతసేపు రెండూ కలిసి కనిపించడం. నాల్గవది 'వైప్': ఒక రేఖ తెరపై జరుగుతూ పాతదృశ్యాన్ని తుడిచివేసి కొత్తదృశ్యాన్ని పరచడం.

ఇక్కడ ఒక భ్రాంతిని ముందే తొలగించుకోవాలి. దృశ్యాల కలయికను తెలుగులో 'సంధి' అనడం సహజం. అంతమాత్రాన రూపకలక్షణంలోని పంచసంధులతో దీనిని జతపరచరాదు. ముఖ, ప్రతిముఖ, గర్భ, అవమర్శ, నిర్వహణ సంధులు ఇతివృత్తంలోని దశావిశేషాలు. అర్థప్రకృతులూ అవస్థలూ కూడినచోట ఏర్పడే కథాభాగాలు అవి. రెండు దృశ్యాల మధ్యనున్న అతుకులు కావు. ఒక్క ముఖసంధిలోనే సినిమాపరంగా ఎన్నో దృశ్యసంధానాలు ఉండవచ్చు. శబ్దసామ్యం ఉన్నచోటల్లా అర్థసామ్యం ఉండదు.

నిజమైన పోలికకు చూడవలసినవి అర్థోపక్షేపకాలు.

3. అర్థోపక్షేపకాలు: సామ్యం, భేదం

ధనంజయుడు దశరూపకంలో ఇతివృత్తాన్ని సూచ్యమనీ, దృశ్యశ్రవ్యమనీ విభజించాడు. నీరసమూ అనుచితమూ అయిన కథాభాగం సూచ్యం; రసభావనిర్భరమైనది ప్రదర్శనీయం. దూరప్రయాణం, వధ, యుద్ధం మొదలైనవాటిని రంగంపై ప్రత్యక్షంగా చూపరాదన్న నియమం కూడా ఈ విభాగానికి తోడ్పడింది. సూచ్యాన్ని తెలిపే ఉపాయాలు ఐదు: విష్కంభం, ప్రవేశకం, చూలిక, అంకాస్యం, అంకావతారం. ఓరుగల్లులో ప్రతాపరుద్రుని ఆస్థానకవి విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలోని నాటకప్రకరణంలో నాటకలక్షణాలను నిరూపించి, లక్ష్యంగా ప్రతాపరుద్రకల్యాణమనే నాటకాన్నే కూర్చాడు గనుక ఈ పరిభాష తెలుగునాట పండితులకు చిరపరిచితమే.

అంకంలో ఒక దినానికి మించిన వృత్తాంతం ఉండరాదనీ, అంకాలనడుమ గడిచిన కాలం ఒక సంవత్సరాన్ని మించరాదనీ నాట్యశాస్త్రం నియమించింది. భవభూతి ఉత్తరరామచరితంలో మొదటి రెండంకాల నడుమ పన్నెండేళ్లు గడుస్తాయి. ఆ పన్నెండేళ్లనూ ఆత్రేయీ వాసంతుల సంభాషణరూపమైన శుద్ధవిష్కంభం భరించింది. కుశలవుల జననం, వాల్మీకి రామాయణరచన, అశ్వమేధప్రారంభం అన్నీ ఆ కొద్ది మాటలలోనే ప్రేక్షకుడికి చేరుతాయి. సినిమాలో దీనికి దగ్గరైనది 'మాంటాజ్' అనే సంగ్రహదృశ్యమాల. రైలు చక్రాలు, మారే ఋతువులు, ఎగిరే పంచాంగపత్రాలు, పెరిగే పిల్లలు అనే నాలుగైదు ఖండాలతో సంవత్సరాలను దాటించడం దాని పని.

అభిజ్ఞానశాకుంతలం చతుర్థాంకానికి ముందున్న విష్కంభం మరింత ఆలోచింపదగినది. పూలు కోస్తున్న అనసూయా ప్రియంవదలకు నేపథ్యంనుండి దుర్వాసుని శాపవాక్కు వినిపిస్తుంది. ముని రంగంపైకి రాడు. శకుంతల కూడా కనిపించదు. కథనంతటినీ మలుపు తిప్పే ఘట్టాన్ని కాళిదాసు శబ్దమాత్రంగా నిలిపాడు. ఫలితంగా శాపవిషయం సఖులకూ ప్రేక్షకుడికీ తెలుసు. అనుభవింపవలసిన శకుంతలకు తెలియదు. పంచమాంకంలో రాజసభలో ఆమె నిలిచినప్పుడు సహృదయుడి మనస్సు కలతపడటానికి ఈ జ్ఞానభేదమే బీజం. నేపథ్యశబ్దం ద్వారా అర్థాన్ని సూచించడం చూలికాలక్షణం. సినిమాలో రాబోయే దృశ్యానికి సంబంధించిన ధ్వని ముందుగానే ప్రస్తుతదృశ్యంపై వినిపించడమూ, తెర వెలుపలి ధ్వని కథను మలచడమూ దీనికి సమీపమైన పద్ధతులు.

అంకావతారంలో పూర్వాంకం ముగింపులోనే ఉత్తరాంకం అవిచ్ఛిన్నంగా అవతరిస్తుంది. మాళవికాగ్నిమిత్రం ప్రథమాంకాంతాన్ని ధనికుడు దీనికి ఉదాహరణగా చూపాడు. ఒక పాత్ర ద్వారం తెరిచి అడుగు వేస్తూ ఉండగా ఖండం ముగిసి, అదే అడుగు లోపలిగదిలో పూర్తి అయ్యే 'క్రియానుగుణమైన కట్' ఈ జాతికి చెందినది. అంకాస్యంలో అంకాంతంలోని పాత్ర రాబోయే అంకానికి విడివడిన కథామూలాన్ని సూచిస్తుంది. 'రేపు పట్నం వెళ్లి అతణ్ణి కలుస్తాను' అని పాత్ర అనగానే పట్నం వీధి తెరపైకి రావడం దానికి దూరపు బంధువు.

ఇక భేదం. అర్థోపక్షేపకాలన్నీ ప్రధానంగా వాచికాలు. పాత్రలు మాట్లాడి చెబుతాయి. నీచపాత్రలా మధ్యమపాత్రలా అన్నదానిపై ప్రవేశక విష్కంభాల విభాగమే ఆధారపడింది. ఫేడ్‌లోగానీ డిజాల్వ్‌లోగానీ పాత్ర లేదు, వాక్కు లేదు, కథాంశమూ లేదు. అది కేవలం రూపవిశేషం. అందువల్ల మాంటాజ్‌ను విష్కంభంతో పోల్చవచ్చుగానీ, డిజాల్వ్‌ను పోల్చరాదు. డిజాల్వ్ వంటి శుద్ధసంధానచిహ్నానికి సరియైన ఉపమానం రూపకలక్షణంలోకంటె వ్యాకరణంలోనే దొరుకుతుంది.

4. ద్యోతకత్వ ప్రతిపాదనం

ఉపసర్గలు ధాతువునుండి విడివడితే అర్థాన్ని నిశ్చయంగా చెప్పజాలవని శాకటాయనుడు, వాటికి వివిధార్థాలు ఉన్నాయని గార్గ్యుడు అభిప్రాయపడినట్లు యాస్కుడు నిరుక్తంలో పేర్కొన్నాడు. తరువాతి వైయాకరణులు ఈ చర్చను వాచక ద్యోతక భేదంగా విస్తరించారు. వాచకం తన శక్తిచేత అర్థాన్ని చెబుతుంది. ద్యోతకం ఇతరత్ర ఉన్న అర్థాన్ని వెలిగించి చూపుతుంది. దీపం ఘటాన్ని సృష్టించదు. ఉన్న ఘటాన్ని కనిపింపజేస్తుంది. ఆహార, విహార, ప్రహార, సంహార శబ్దాలలోని అర్థభేదం ఉపసర్గదా, ధాతువులో నిగూఢమైనదా అన్న విచారణ ఇందులోనిదే.

దృశ్యసంధానచిహ్నం వాచకమా ద్యోతకమా అన్నది ఇక్కడి ప్రశ్న. 'డిజాల్వ్ అంటే కాలం గడిచింది, ఫేడ్ అంటే అధ్యాయం ముగిసింది, వైప్ అంటే స్థలం మారింది' అని పాఠ్యగ్రంథాలలో సాధారణంగా కనిపించే పట్టిక వాచకపక్షాన్ని ఆశ్రయించినది. ఆ పక్షం సత్యమైతే రెండు ఫలితాలు రావాలి. చిహ్నం ఉన్నచోట ఆ అర్థం తప్పక ఉండాలి, ఇది అన్వయం. చిహ్నం లేనిచోట ఆ అర్థం ఉండరాదు, ఇది వ్యతిరేకం. చలనచిత్రచరిత్ర ఈ రెండింటినీ బాధిస్తున్నది.

అన్వయభంగానికి ఉదాహరణ జార్జ్ మెలియెస్ 1902లో నిర్మించిన 'ఎ ట్రిప్ టు ద మూన్'. పంతొమ్మిదవ శతాబ్దపు మాయాదీపప్రదర్శనలలో ఒక చిత్రం మరొక చిత్రంలో కరిగిపోయే పద్ధతి ప్రసిద్ధం. మెలియెస్ దానినే రంగపరివర్తనకు వాడుకున్నాడు. ఆయన డిజాల్వ్ దీర్ఘకాలవ్యవధానం లేనిచోటా, వెనువెంట జరిగే క్రియల నడుమా కూడా కనిపిస్తుంది. తరువాతి దశాబ్దాలలో అదే డిజాల్వ్ కాలవ్యవధానానికి, స్మృతికి, స్వప్నానికి, గీతాలలో కేవల మార్దవానికి ఉపయోగపడింది. ఒకే చిహ్నానికి ఇన్ని అర్థాలలో శక్తి కల్పించడంలో గౌరవదోషం ఉంది. ద్యోతకమని అంగీకరిస్తే లాఘవం.

వ్యతిరేకభంగానికి మరింత విస్పష్టమైన సాక్ష్యం డేవిడ్ లీన్ దర్శకత్వం వహించిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962). నాయకుడు వెలిగించిన అగ్గిపుల్లను ఊదుతాడు. వెంటనే తెరనిండా ఎడారిలో సూర్యోదయం. ఇక్కడ మొదట అనుకున్నది డిజాల్వ్. కూర్పుదశలో ప్రయోగశాలనుండి ఆ మిశ్రమచిత్రం ఇంకా రానందువల్ల రెండు ఖండాలనూ నేరుగా అతికించి చూశారు. కూర్పరి ఆన్ కోట్స్, దర్శకుడు దానిని చూచి, ఆ కట్‌నే నిలుపుకున్నారు. కాలదేశవ్యవధానం తెలియక ప్రేక్షకులు బాధపడలేదు. శాస్త్రకారులు ఊహలో చేసే అన్వయవ్యతిరేకపరీక్ష ఇక్కడ కూర్పుబల్లమీద నిజంగానే జరిగింది. 1968లో స్టాన్లీ క్యూబ్రిక్ '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో ఆదిమజీవి పైకి విసిరిన ఎముకనుండి అంతరిక్షనౌకకు ఒకే కట్‌తో లక్షల సంవత్సరాలను దాటాడు. కాలవాచకం డిజాల్వ్ అయితే దాని అభావంలో ఈ అర్థం పుట్టకూడదు, కానీ పుట్టింది. ఎముకకూ నౌకకూ ఉన్న ఆకారసామ్యం, వస్తుభేదం ఈ రెండే అర్థాన్ని సమకూర్చాయి.

హాలీవుడ్ చిత్రాలలో డిజాల్వ్ వినియోగం దశాబ్దాలు గడిచేకొద్దీ బాగా తగ్గిపోయిందని జేమ్స్ కటింగ్, ఆయన సహచరులు 2011లో ప్రకటించిన పరిశోధన నిరూపించింది. అయినా చిత్రాలలో కాలవ్యవధానం తగ్గలేదు. దానిని గ్రహించే ప్రేక్షకుడూ తగ్గలేదు. చిహ్నం నశించినా అర్థం నిలిచింది గనుక అర్థం చిహ్నానిది కాదు.

5. అర్థం ఎక్కడిది? ఆకాంక్షా, యోగ్యతా, సన్నిధి

చిహ్నం ద్యోతకమైతే ద్యోత్యమైన అర్థానికి ఆశ్రయమేది? 1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ కూలెషోవ్ చేసిన ప్రయోగం ఈ సందర్భంలో తప్పక స్మరింపదగినది. మోజుఖిన్ అనే నటుడి నిర్వికారమైన ముఖాన్ని తీసుకొని, దానిని వేర్వేరు ఖండాలతో జతపరిచారు. పుదోవ్‌కిన్ కథనం ప్రకారం అవి పులుసుగిన్నె, శవపేటికలోని స్త్రీ, ఆడుకొంటున్న బాలిక. ఒకే ముఖంలో ప్రేక్షకులు ఆకలినీ, శోకాన్నీ, వాత్సల్యాన్నీ చూచి నటుణ్ణి ప్రశంసించారని ప్రసిద్ధి. ఆ మూలచిత్రం లభ్యం కాదు; దాని వర్ణనలు పరస్పరం కొంత భేదిస్తాయి.

ఈ ప్రసిద్ధిని యథాతథంగా స్వీకరించడం పరిశోధనమర్యాద కాదు. 1992లో స్టీఫెన్ ప్రిన్స్, వెయిన్ హెన్స్‌లీ దీనిని తిరిగి నిర్వహించగా ఆ ప్రభావం వారికి కనిపించలేదు. 2006లో డీన్ మాబ్స్ బృందం, 2016లో డేనియల్ బారట్ బృందం చేసిన ప్రయోగాలలో మాత్రం సందర్భాన్నిబట్టి ముఖభావగ్రహణం మారుతున్నట్లు తేలింది. కనుక ఇంతమాత్రం నిలుస్తుంది: ప్రభావం ఉంది, కానీ ఏ రెండు ఖండాలను జతపరిచినా అది తనంతట తాను పుట్టేది కాదు.

ఎందుకు పుట్టదు? వాక్యార్థవిచారంలో దీనికి సమాధానం సిద్ధంగా ఉంది. పదాలు పక్కపక్కన ఉన్నంతమాత్రాన వాక్యం కాదు. 'ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు' అన్నచోట సన్నిధి ఉన్నా ఆకాంక్ష లేదు. 'నిప్పుతో తడుపుతున్నాడు' అన్నచోట ఆకాంక్షా సన్నిధులున్నా యోగ్యత లేదు. కట్ సమకూర్చేది సన్నిధి ఒక్కటే. ముఖంలోని చూపు 'ఏమి చూస్తున్నాడు?' అన్న ఆకాంక్షను రేపాలి. తరువాతి వస్తువు ఆ చూపుకు తగినదై ఉండాలి; అది యోగ్యత. ఈ రెండూ కొరవడినచోట ప్రయోగం విఫలమవుతుంది.

కూలెషోవ్ సిద్ధాంతంలో ఖండం అన్వితమైనప్పుడే అర్థాన్నిస్తుంది గనుక అది ప్రాభాకరుల అన్వితాభిధానానికి సన్నిహితం. ప్రతిఖండానికీ ముందుగా స్వార్థం ఉండి, ఆ అర్థాలు పరస్పరం అన్వయిస్తాయన్న సాధారణభావన భాట్టుల అభిహితాన్వయానికి సన్నిహితం. ఐజెన్‌స్టీన్ వాదం ఈ రెండింటినీ మించినది: రెండు ఖండాల సంఘర్షణవల్ల రెండింటిలోనూ లేని తృతీయార్థం పుడుతుందని ఆయన మతం. దానిని వ్యంజనతో పోల్చవచ్చుగానీ, వ్యంగ్యానికి వాచ్యార్థబోధ పూర్వరంగమన్న సంగతిని మరవరాదు.

'మాయాబజార్' (1957)లోని ప్రియదర్శిని పేటిక తెలుగు ప్రేక్షకుడికి ఈ మూడు అంశాలనూ ఒకేచోట చూపుతుంది. పేటికను తెరిచినవారికి తమకు ప్రియమైనది కనబడుతుందని కథ ముందే చెప్పింది, ఆకాంక్ష సిద్ధం. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు కనిపిస్తారు, యోగ్యత కుదిరింది. శ్రీకృష్ణుడికి మాత్రం శకుని కనిపిస్తాడు. శత్రుపక్షంవాడు ప్రియుడెలా అవుతాడు? ముఖ్యార్థానికి బాధ కలిగింది. కురువంశనాశనానికి శకునియే సాధనమన్న భారతకథాజ్ఞానం ఉన్న ప్రేక్షకుడు లక్ష్యార్థానికి వెళ్లి చిరునవ్వు నవ్వుతాడు. కూలెషోవ్ ప్రయోగంలో వస్తువు ముఖానికి అర్థాన్నిచ్చింది. ఇక్కడ ముఖమూ వస్తువూ కలిసి పాత్రహృదయాన్నే బయటపెట్టాయి. రెండుచోట్లా ఖండాలను కలిపినది సామాన్యమైన సన్నిధి, అర్థాన్నిచ్చినది కథ.

6. పూర్వపక్షం: సంకేతం నేర్చినవారికే తెలుస్తుందా?

దీనిపై ఒక బలమైన ఆక్షేపం ఉంది. సినిమాలు చూచి చూచి ప్రేక్షకుడు సంకేతాలను నేర్చుకున్నాడనీ, వ్యుత్పత్తి లేనివాడికి కట్ కూడా అర్థం కాదనీ, కనుక చిహ్నానికి రూఢిసిద్ధమైన శక్తి ఉందనీ ఆ ఆక్షేపం.

దీనికి కొంత చారిత్రకాధారం లేకపోలేదు. ఎడ్విన్ పోర్టర్ 1903లో విడుదల చేసిన 'లైఫ్ ఆఫ్ ఆన్ అమెరికన్ ఫైర్‌మన్'లో అగ్నిమాపకుడు తల్లీబిడ్డలను కాపాడడం మొదట గదిలోపలినుండి పూర్తిగా కనిపిస్తుంది. ఆపైన అదే ఘట్టం బయటినుండి మొదలుకొని మళ్లీ కనిపిస్తుంది. లోపలా బయటా ఖండాలను పెనవేసిన మరొక ప్రతి ప్రచారంలో ఉండడంవల్ల సమకాలసంధానానికి పోర్టరే ఆద్యుడని చరిత్రకారులు చాలాకాలం పొరబడ్డారు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని కాగితపు ప్రతి మూలక్రమాన్ని తేటపరచింది. అంటే ఏకకాలంలో రెండుచోట్ల జరిగే క్రియను తెలపడానికి సినిమాకు అప్పటికి స్థిరమైన పద్ధతి ఏర్పడలేదు. తెలుగు కథకుడికి ఈ చిక్కు ఎన్నడూ లేదు. 'ఇది ఇలా ఉండగా అక్కడ' అన్న ఒక్క మాటతో అతడు శ్రోతను నగరంనుండి అడవికి తీసుకుపోతాడు. యక్షగానంలో దరువుకూ దరువుకూ నడుమ సంధివచనం ఈ పనే చేస్తుంది. భాషకు అవ్యయాలున్నాయి; బాలదశలోని సినిమాకు లేవు. సంధానచిహ్నాలు ఆ లోటును తీర్చడానికి వచ్చిన అవ్యయాలు.

అయితే ఆక్షేపం పూర్తిగా నిలుస్తుందా? 2010లో స్టెఫాన్ ష్వాన్, సెర్మిన్ ఇల్డిరార్ ప్రకటించిన అధ్యయనం ఇక్కడ ప్రమాణం. దక్షిణ తుర్కియే పర్వతప్రాంతంలో అంతవరకు సినిమా చూడని వయోజనులకు చిన్నచిన్న చిత్రఖండాలను చూపి, వారి గ్రహణాన్ని అనుభవజ్ఞులైన ప్రేక్షకుల గ్రహణంతో పోల్చారు. ఖండాలను ఒక పరిచితమైన క్రియాసూత్రం కలిపినచోట తొలిప్రేక్షకులు కూడా అర్థాన్ని సరిగా గ్రహించారు. అటువంటి క్రియాసూత్రం లేక కేవలం సినిమాసంప్రదాయంపైనే ఆధారపడినచోట విఫలులయ్యారు.

ఈ ఫలితం పూర్వపక్షాన్ని సగం అంగీకరించి సగం నిరాకరిస్తుంది. రూఢిమాత్రాశ్రితమైన సంధానాలు నేర్వవలసినవే. కానీ బహుళసంధానాలకు ఆధారం లోకవృత్తజ్ఞానం. లోకమే నాట్యానికి ప్రమాణమన్న భరతమతం ఇక్కడ అనుకోనిచోటినుండి సమర్థితమైంది. కుండ దించి నీరు తోడినవారు, ఆ రెండు క్రియలను రెండు ఖండాలలో చూచినా కలుపుకోగలరు. వారు అప్పటికే నేర్చినది సినిమా కాదు, జీవితం.

7. ప్రేక్షకానుభవం: రసవిఘ్నాల దృష్టి

సంధానం ప్రేక్షకుడి చిత్తంపై చూపే ప్రభావాన్ని ఆధునికులు పలువిధాల పరీక్షించారు. టిమ్ స్మిత్, జాన్ హెండర్సన్ 2008లో ప్రకటించిన ప్రయోగంలో కట్ కనబడినప్పుడల్లా మీట నొక్కమని ప్రేక్షకులను ఆదేశించారు. క్రియ నడుమ చేసిన కట్‌లలో సుమారు మూడోవంతు వారి దృష్టికి రాలేదు. వెతుకుతున్నవారికే కనబడనిది కథలో లీనమైనవారికి కనబడకపోవడం వింత కాదు. జపాన్‌లో తమామి నకానో బృందం 2009లో ప్రకటించిన పరిశోధన ప్రకారం కథాత్మకమైన దృశ్యాన్ని చూచేవారి కనురెప్పపాట్లు పరస్పరం ఏకకాలికమవుతాయి. క్రియ ముగిసినచోట, ప్రధానాంశం తెరపై లేనిచోట రెప్ప పడుతుంది. కథలేని దృశ్యాలకు ఆ ఐక్యం కనబడలేదు. ప్రసిద్ధ కూర్పరి వాల్టర్ మర్చ్ అంతకుముందే కట్‌ను రెప్పపాటుతో పోల్చాడు. ఉత్తమసంధానానికి ఆయన ఆరు ప్రమాణాలు చెప్పి భావోద్వేగానికి 51 పాళ్లు, కథకు 23 పాళ్లు, లయకు 10 పాళ్లు ఇచ్చాడు. దృష్టిగమనానికీ, తెరతలానికీ, స్థలానుసంధానానికీ కలిపి మిగిలినవి 16 మాత్రమే. భావానికి సగంకంటె ఎక్కువ స్థానమివ్వడం రసవాదులకు పరాయిమాట కాదు.

అభినవగుప్తుడు అభినవభారతిలో నిరూపించిన సప్తరసవిఘ్నాలలో నాలుగు ఈ సందర్భంలో నేరుగా ఉపయోగిస్తాయి. స్థలసంబంధం తెలియకుండా కట్ చేస్తే స్ఫుటత్వాభావం. చూస్తున్నది జరిగినదా, కలగన్నదా తెలియకపోతే సంశయయోగం. రెండు ఖండాలలో క్రియ అతకకపోతే ప్రతీత్యుపాయవైకల్యం. వైచిత్రికోసం చేసిన వైప్ కథనుండి దృష్టిని తనవైపు లాగుకొంటే అప్రధానానికి ప్రాధాన్యం ఇచ్చిన దోషం. ద్యోతకం తాను వెలగక వస్తువును వెలిగించాలి. దీపమే చూపులను ఆకర్షిస్తే ఘటం కనబడదు.

విఘ్నాన్ని బుద్ధిపూర్వకంగా వాడుకొన్నవారూ ఉన్నారు. గొదార్ 'బ్రెత్‌లెస్' (1960)లో ఒకే దృశ్యం నడుమనుండి ముక్కలు తొలగించి, పాత్ర ఉన్నచోటనే ఎగిరినట్లు కనబడే కట్‌లు చేశాడు. ప్రేక్షకుణ్ణి తన్మయత్వంనుండి కదిలించి, తాను చూస్తున్నది కూర్చబడినదని గుర్తుచేయడం దాని ఫలం. రసవాదానికి అది ప్రతికూలం. కానీ దోషమూ ప్రయోజనవశాన గుణం కావచ్చునని ఆలంకారికులే అంగీకరించారు.

విఘ్నమూ కాక, మరుగూ కాక, రసాన్నే పోషించిన కట్ సత్యజిత్ రాయ్ 'అపరాజితో' (1956)లో ఉంది. కాశిలో హరిహరుడి నోట గంగాజలం పడుతుంది; తల వాలుతుంది; వెంటనే పావురాల గుంపు ఆకాశంలోకి లేస్తుంది. మరణాన్ని ఎవరూ మాటలో చెప్పలేదు. పావురాలకు మరణమన్న సంకేతార్థం ఏ కోశంలోనూ లేదు. డిజాల్వ్ పెట్టివుంటే ఆ క్షణం మెత్తబడేది. ఫేడ్ పెట్టివుంటే ముగిసిపోయేది. కట్ దానిని విడుదల చేసింది. ద్యోతకానికి వాచకశక్తి లేకపోయినా ఏ ద్యోతకమైనా సమానమే అనడానికి వీలులేదని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది. వెలుగు తీరునుబట్టి వస్తువు కనబడే తీరు మారుతుంది.

8. విచ్ఛేదం, బిందువు

భారతీయచిత్రాలలో మరొక విశిష్టసంధానం విశ్రాంతి. కథ నడుమ దీపాలు వెలిగి, ప్రేక్షకుడు లేచి వెలుపలికి పోతాడు. ఇంతకంటె పెద్ద విచ్ఛేదం లేదు. అవాంతరకార్యంచేత కథ తెగినప్పుడు తెగకుండా నిలిపేదాన్ని ధనంజయుడు బిందువన్నాడు. నీటిపై తైలబిందువువలె అది వ్యాపిస్తుందని వ్యాఖ్య. విశ్రాంతికి ముందు నిలిపిన ప్రశ్న ఈ బిందుకార్యాన్ని నిర్వహిస్తుంది. ఇక్కడ కూడా ప్రేక్షకుణ్ణి తిరిగి రప్పించేది తెరపై పడిన అక్షరాలు కాదు, తీరని ఆకాంక్ష.

డేవిడ్ బోర్డ్‌వెల్ గణన ప్రకారం 1930-60 నడుమ హాలీవుడ్ చిత్రాలలో షాట్ సగటు నిడివి 8 నుండి 11 సెకన్లు. శతాబ్దాంతానికి అది 3 నుండి 6 సెకన్లకు దిగింది. ఖండం కుదించుకొనిపోయేకొద్దీ సంధుల సంఖ్య పెరుగుతుంది. ప్రతిసంధిలోనూ ఆకాంక్షాయోగ్యతలను సమకూర్చవలసిన భారం కథపై పడుతుంది. ఆ భారాన్ని మోయగల కథ ఉంటే వేగం దోషం కాదు. లేకపోతే మిగిలేది సన్నిధి మాత్రమే. అది ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అన్న పదాల వరుస.

9. ఉపసంహారం

దృశ్యసంధానచిహ్నాలు ప్రధానంగా ద్యోతకాలు. రూఢివల్ల కొన్నిచోట్ల వాచకప్రాయాలు. అవి చూపే కాలదేశభేదాలు ఖండాలలోనూ, కథాసూత్రంలోనూ, ప్రేక్షకుడి లోకజ్ఞానంలోనూ ముందే ఉంటాయి. అర్థోపక్షేపకాలకు సినిమాలో సరియైన ప్రతినిధులు సంగ్రహదృశ్యమాల, నేపథ్యధ్వని వంటివేగాని ఫేడ్, డిజాల్వ్‌లు కావు. పంచసంధులతో వీటికి సంబంధం లేదు.

ఈ నిర్ణయానికి బోధనలో ఉపయోగం ఉంది. ఆకాంక్షా యోగ్యతా సన్నిధులను బోధించే అధ్యాపకుడు 'నిప్పుతో తడపడం' అన్న ఉదాహరణ పక్కన ప్రియదర్శిని పేటికను నిలపవచ్చు. విద్యార్థి ఆ చిత్రాన్ని చూచినప్పుడు అప్రయత్నంగా చేసిన పనే శాస్త్రం పేరుపెట్టి చెప్పినదని అతడికి తెలుస్తుంది. విష్కంభాన్ని నిర్జీవలక్షణంగా వల్లించేకంటె, శాపాన్ని కాళిదాసు ఎందుకు చూపలేదన్న ప్రశ్నతో ఆరంభించడం మేలు. ఏది చూపాలి, ఏది సూచించాలి, రెండింటి నడుమ ఎంత ఖాళీ విడవాలి అన్నది నాటకకర్తకూ కూర్పరికీ ఉమ్మడి సమస్య. ఆ ఖాళీని పూరించేవాడు సహృదయుడు. అతడి సామర్థ్యంపై నమ్మకమున్న రచనలోనే సంధి కనబడకుండా పనిచేస్తుంది.